మా బామ్మర్ది ఒంట్లో కొవ్వు

మా బామ్మర్ది ఒంట్లో నూటికి ముప్ఫై ఎనిమిది పాళ్ళు కొవ్వుందని ఒక మిషను చెప్పింది. అతన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఈ మాట వింటే ముందు నవ్వుతారు, తర్వాత ఆ మిషను ఎక్కడుందో చూపించమంటారు. చొక్కా విప్పితే పక్కటెముకలు వీధి చివరినుంచి కనిపించే మనిషి. సున్నపురాయి క్వారీలో గునపం పట్టి పట్టి మోచేతులు పేనిన తాళ్ళలా అయ్యాయి. అరచేతులైతే చెప్పుల అట్టలే. పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డ లేకుండా దించేవాడు. అలాంటి మనిషిలో మూడో వంతుకు పైగా కొవ్వేనట.

ఎవరో ఎకసెక్కానికి అన్న మాటైతే వదిలేసేవాణ్ణి. దాని మీద అతని నౌకరీ ఆగిపోయింది.

విదేశీ సరుకు మీద కట్లు తెగి, బజారులో రోజుకో కొత్త వస్తువు దిగుతున్న కాలం అది. మా చంద్రపూర్‌లో సందుకో ఫోను బూత్ వెలిసింది. వార్ధా నది అవతల రాజురా వైపు సిమెంటు ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. వాటిలో కొత్తగా పెట్టిన ఒకదానికి మంటలార్పే దళం కావలసి వచ్చింది. పర్మనెంటు నౌకరీ, బట్టలు, బూట్లు, ఉండటానికి క్వార్టరు. బామ్మర్ది పరుగులో అందరికంటే ముందు వచ్చాడు, ఇసుక బస్తా భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కాడు, మరాఠీలో అడిగిన వాటికి మరాఠీలోనే జవాబు చెప్పాడు. చివరికి డాక్టరు గదిలో, రెండు వైపులా పిడులున్న ఒక డబ్బాను చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నారు. డబ్బా కీచుమంది, అంకె వేసింది. దళంలోకి రావాలంటే ఆ అంకె పాతిక దాటకూడదట. నెల తిరగకముందు ఇంకోసారి చూస్తాం, అప్పటికీ ఇంతే ఉంటే వెనకాల నిలబడ్డవాణ్ణి తీసుకుంటాం అని చెప్పి పంపేశారు. అంటే మళ్ళీ క్వారీ, మళ్ళీ గునపం.

ఆ సాయంత్రం నేరుగా నా కిరాణా దుకాణానికి వచ్చి పప్పుబస్తా మీద కూలబడ్డాడు.

"బావా, కొవ్వెట్ల తగ్గించాలె?"

"ఏం తింటున్నవ్‌రా?"

"జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు."

"మరింకేం తగ్గిస్తవ్, తొక్కా?"

ఇంట్లో మా ఆవిడ సంగతి విని నన్ను కిందినుంచి పైకి ఒకసారి చూసింది. "మా తమ్మునికే గంత కొవ్వుంటే, మిషన్ నిన్ను జూస్తే ఏమయితదో" అంది. అక్కడితో ఆ వ్యవహారం నా మెడకు చుట్టుకుంది.

నా చదువు సంగతి ఇక్కడ చెప్పాలి. రాజురా నిజాం కింద ఉన్నప్పుడు ఉర్దూ బడిలో కూర్చున్నాను. హద్దులు మారి బడి మరాఠీ అయ్యేసరికి మా మౌల్వీ సాబు వెళ్ళిపోయాడు, ఆయన వెనకే నేనూ లేచి వచ్చేశాను. తెలుగు అక్షరాలు అమ్మ నేల మీద బొగ్గుతో రాసి చూపించింది. ఆ తర్వాత చదివిందంతా కిరాణా దుకాణంలోనే, పొట్లాలు కట్టడానికి మూటలుగా వచ్చే రద్దీ, అంటే చిత్తు కాగితాల్లో. తెలుగు, మరాఠీ, ఉర్దూ ఏది వస్తే అది. అందుకని నాకు సగం కథలకు ముగింపు తెలియదు, సగం శాస్త్రాలకు మొదలు తెలియదు. కానీ చదివింది మాత్రం ఇప్పటిదాకా మరిచిపోలేదు.

ఇంకొక విద్య దుకాణమే నేర్పింది. నా కాంటాకు, తూకం వేసే నా బాట్లకు ఏడాదికోసారి తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి ముద్ర వేస్తాడు. ముద్ర లేని పావుకిలో బాటుతో చక్కెర తూచినా నేరమే. మరి మనిషి అన్నాన్ని తూచే డబ్బాకు ముద్ర ఎవడు వేశాడు?

సరిగ్గా అదే అడిగాను డాక్టరును. బామ్మర్దిని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను. డాక్టరు పుణె వైపునుంచి వచ్చిన కుర్రాడు, నెమ్మదస్తుడు, నన్ను బాబాయి వరస చేసి కాకా అని పిలిచాడు. ముద్ర కంపెనీయే వేసి పంపుతుందన్నాడు. ఏ కంపెనీ అన్నాను. మిషను తయారుచేసిన కంపెనీ అన్నాడు. నా బాటుకు నేనే ముద్ర వేసుకుంటే నన్ను జైలుకు పంపుతారు సాబ్ అని హిందీలో చెప్పాను. అతనికి కోపం రాలేదు, కుర్చీ చూపించాడు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది.

ఓపికగా వివరించాడు కూడా. డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మనకు తెలియనంత చిన్న కరెంటు పంపుతుందట. కండలో నీరుంటుంది కనుక కరెంటు సాఫీగా పోతుంది. కొవ్వు అడ్డుకుంటుంది. ఎంత అడ్డు తగిలితే అంత కొవ్వని లెక్క. చెప్పినంతవరకు సబబుగానే ఉంది. అయితే నన్ను చూడు అన్నాను. నాకప్పటికే పంచె నాభి కింద కట్టుకోవలసినంత పొట్ట. పైగా నావి ఎప్పుడూ చెమ్మగిల్లే చేతులు, పొట్లాం కడితే కాగితం తడిసేది. పిడులు పట్టుకున్నాను. పదిహేడు వచ్చింది.

నేను మంటలార్పే దళానికి పనికొస్తానన్నమాట. నిచ్చెన చూస్తేనే కళ్ళు తిరిగే మనిషిని. మా బామ్మర్ది ఎముకల మీద చర్మం సర్దుకుని పక్కన నిలబడి, "ముబారక్ బావా" అన్నాడు.

డాక్టరుకు కూడా ఏదో తేడాగానే అనిపించినట్టుంది. బల్ల సొరుగులోంచి చిమటా, అదే పట్టకారు, లాంటి పరికరం తీశాడు. జబ్బ వెనక, వీపు మీద, నడుం పక్కన తోలు గిల్లిపట్టి దాని మందం చూసి కొవ్వు లెక్కకట్టే పద్ధతట. బామ్మర్దికి చక్కిలిగింతలెక్కువ. చిమటా తగిలినప్పుడల్లా మెలికలు తిరిగాడు. గిల్లడానికి ఏమీ లేక చిమటా జారి తన్ను తానే కరుచుకుంది. నవ్వులు ఆపి, ఊపిరి బిగబట్టించి, గోడకు ఆనించి చివరికి తేల్చిన లెక్క ఎనిమిది.

ఒకే మనిషి, ఒకే గది, ఒకే పూట. డబ్బా చెప్పింది ముప్ఫై ఎనిమిది, చిమటా చెప్పింది ఎనిమిది. ఏది నిజమని అడిగాను. డాక్టరు డబ్బాయే అన్నాడు. ఎందుకంటే చిమటా పట్టేది మనిషి, మనిషి చెయ్యి తప్పు చేస్తుంది. బయటికి కనిపించని కొవ్వు లోపల దాగి ఉండవచ్చు అని కూడా అన్నాడు. మా బామ్మర్ది తన డొక్కలోకి తానే అనుమానంగా చూసుకున్నాడు.

ఇంటికొచ్చి నా కాగితాలు తిరగేశాను. మనిషిని గాలిలో ఒకసారి, నీళ్ళలో ఒకసారి తూచి కొవ్వు కనిపెట్టే పద్ధతి గురించి ఒక మరాఠీ పుస్తకం పేజీ దొరికింది. కొవ్వు తేలుతుంది, ఎముకా కండా మునుగుతాయి. కొవ్వున్నవాడు నీళ్ళలో మరీ తేలిగ్గా తూగుతాడు. ఇంతకంటే నికార్సయిన మాట ఉంటుందా? మా అత్తగారి ఊరు రాజురా దాటాక వస్తుంది. అక్కడి చేని బావి గిలకకు నా కొక్కెం కాంటా కట్టి, దాని కింద బామ్మర్దిని వేలాడదీసి నీళ్ళలోకి దింపాను. ఊపిరంతా వదిలేసి, నిండా మునిగి, కదలకుండా ఉండాలి. అతను ఊపిరి వదిలేవాడు, మునిగేవాడు, మునిగాక చిమటా గుర్తొచ్చి నవ్వేవాడు. బుడగలు పైకి వచ్చేవి. ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగేది.

అంతలో మా అత్త గంపతో అటు వచ్చింది. కొడుకు కొక్కేనికి వేలాడుతూ బావిలో ఉన్నాడు, అల్లుడు పైనుంచి ముల్లు చూస్తున్నాడు. గంప కింద పెట్టి నడుం మీద చేతులేసుకుంది.

"ఏంది అల్లుడా, నా కొడుకును బొగ్గుగంప లెక్క తూస్తున్నవ్. నౌకరీ ఇప్పిస్తవనుకుంటే నీళ్ళల్ల ముంచబట్టె."

ఆవిణ్ణి శాంతపరిచేసరికి పొద్దెక్కింది. ముల్లు ఒక్కసారి కాస్త నిలకడగా నిలిచింది కూడా. అయితే నీళ్ళలో తూగిన బరువునుంచి కొవ్వు లెక్క ఎలా రాబట్టాలో ఆ పేజీ కింది సగంలో ఉండాలి. ఆ సగంలో ఎవరికో మినప్పప్పు కట్టి ఇచ్చేశాను.

ఇదంతా డాక్టరుకు చెప్పాను. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. పెద్ద పుస్తకాల్లోనూ పరిస్థితి ఇంచుమించు ఇంతేనన్నాడు. డబ్బాను చిమటాతో సరిచూస్తారు, చిమటాను నీళ్ళతో సరిచూస్తారు, నీళ్ళను ఇంకో దానితో. బతికున్న మనిషి లోపల ఏముందో కళ్ళారా చూసినవాడు ఎవడూ లేడు. అసలు నిజం కావాలంటే ఒక్కటే దారి కాకా, కోసి, కొవ్వు వేరుచేసి తూచాలి అన్నాడు. అని బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది చొక్కా తొడుక్కున్నాడు.

నాకు మాత్రం అక్కడే దారి కనపడింది. రెండోసారి పరీక్షకు ముందే అత్తగారి ఊళ్ళో పోచమ్మ పండుగ వస్తోంది. ప్రతి ఇంటా యాట తెగుతుంది. మేకపోతుకు కూడా కండ ఉంది, కొవ్వు ఉంది, నీరు ఉంది. బతికుండగా డబ్బా పెట్టి అంకె చూద్దాం, కోశాక కొవ్వు తూచి సరిపోల్చుదాం, డబ్బా నిజాయితీ బయటపడుతుంది అన్నాను. డాక్టరు పండుగ ఏ రోజని అడిగాడు. ఫ్యాక్టరీ మెస్సులో ఎప్పుడూ వంకాయ కూరేనని తర్వాత తెలిసింది. వస్తానన్నాడు.

పండుగనాడు జీపులో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. మొదటి చిక్కు అక్కడే మొదలైంది. అంకె వేసేముందు డబ్బా ఎత్తు ఎంత, బరువు ఎంత, వయసు ఎంత, ఆడా మగా అని అడుగుతుంది. బరువు నా కాంటా చెప్పింది, మగ అన్న మాటకు అడ్డు చెప్పినవాళ్ళు లేరు. ఎత్తు నేలనుంచి కొమ్ము దాకా తీయాలా, ముట్టెనుంచి తోక దాకా తీయాలా అని ఊరంతా రెండు పార్టీలైంది. చివరికి మేకను వెనక కాళ్ళ మీద నిలబెట్టి తలుపు చెక్కకు ఆనించి కొలిచారు. పదేళ్ళకు తక్కువ వయసు డబ్బా ఒప్పుకోదు. కనుక మా పోతు పదేళ్ళ పిల్లవాడని డాక్టరు మీట నొక్కాడు. జబ్బ మీద, తొడ మీద వెంట్రుకలు గీకి పిడులు ఆనించారు. ముందు కాళ్ళు పట్టుకుని బామ్మర్ది కూర్చున్నాడు.

నలభై నాలుగు.

"గింత కొవ్వుంటే గది నిలవడుతదా, దొర్లుతది గని" అన్నాడు కత్తి పట్టుకుని నిలబడ్డ కటికాయన.

రెండో చిక్కు మా అత్త. మా వైపు యాటను ఊరికే కోయరు. వేపాకు వేసిన పసుపు నీళ్ళు దాని వీపున పోస్తారు. అది ఒళ్ళంతా విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా కత్తి తగలకూడదు. డాక్టర్లు వచ్చినా సరే, కలెక్టరు వచ్చినా సరే. అత్త చెంబుతో నీళ్ళు పోసింది. మేక కదల్లేదు. మళ్ళీ పోసింది. డప్పులు మోగించారు. మేక దూరంగా ఉన్న చింతచెట్టు వైపు చూస్తోంది. డాక్టరు ఊరికే ఉండలేక ఇంకోసారి పిడులు ఆనించాడు. ముప్ఫై ఒకటి వచ్చింది.

అత్త ఇంకో చెంబు పోసింది. డబ్బా ఇరవై చూపింది. పక్కింటావిడ బిందె తెచ్చింది. అంకె పన్నెండుకు దిగింది. అమ్మవారు యాట కొవ్వు కరిగించి తాగుతోందని వెనకనుంచి ఎవరో అన్నారు, ఆడవాళ్ళు దండం పెట్టారు. విదిలించకపోవడానికి కారణం మాత్రం డాక్టరేనని ముసలివాళ్ళు తేల్చేశారు. దానికి కరెంటు పెట్టాడు కాబట్టి బిగుసుకుపోయిందట. నేను అత్తను ఆపాలా, డాక్టరును ఆపాలా తెలియక నా కాంటా పట్టుకుని మధ్యలో నిలబడ్డాను.

డాక్టరు మేకను చూడటం మానేశాడు. దాని కాళ్ళు పట్టుకుని కూర్చున్న మా బామ్మర్ది చేతుల్ని చూస్తున్నాడు. అంతసేపూ మేక మీది నీళ్ళన్నీ వాటి మీదినుంచే కారాయి. కాయలు కాసిన అరచేతులు నానిపోయి, ఉబ్బి, తెల్లగా అయ్యాయి. డాక్టరు లేచి పిడులు పంచెకొంగుతో తుడిచాడు. పంచె నాది. డబ్బాలో మీటలు మార్చి బామ్మర్ది చేతిలో పెట్టాడు.

డబ్బా కీచుమంది. బామ్మర్ది దాన్ని చదివి, నమ్మక, నా వైపు తిప్పాడు.

"బావా, పద్నాలుగు."

కరెంటు అతని ఒంట్లోకి పోనేలేదన్నమాట. ఎండిన ఆ మందపు తోలు దగ్గరే ఆగిపోయింది. ఆగిందంతా కొవ్వని డబ్బా లెక్క కట్టింది. గునపం పట్టి కాయలు కాసిన చేతిని చూసి ఇది కొవ్వంది. కూర్చుని పొట్లాలు కట్టే నా చేతిని చూసి శెభాష్ అంది. ఈ అన్యాయాన్ని నేను ఊరందరికీ వినపడేలా చెబుతుండగానే మేక తలనుంచి తోక దాకా ఒక్క విదిలింపు విదిలించింది. డాక్టరు కళ్ళద్దాలు, నా చొక్కా, డబ్బా అన్నీ పసుపయ్యాయి. డప్పులు గట్టిగా లేచాయి. అమ్మవారు ఒప్పుకుంది.

ఇక మిగిలింది అసలు పరీక్ష, కోసి తూచడం. నేను కాంటా కొమ్మకు తగిలించి వెనక్కి తిరిగేసరికి అక్కడ మేక లేదు. మా వైపు యాటలో ఏ ముక్క ఎవరి ఇంటిదో తాతల నాడే తీర్మానమైంది. తలకాయ ఒకరిది, కాళ్ళు ఒకరివి, తోలు డప్పు కొట్టేవాళ్ళది. మోదుగాకుల్లో పెట్టుకుని ఎవరి వాటా వాళ్ళు పట్టుకుపోయారు. కాంటా భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. కొవ్వు వేరుగా తీసి పెట్టండి, తూచి ఇచ్చేస్తాను అని అడిగాను. ఒక పెద్దావిడ పొయ్యి దగ్గరినుంచే జవాబు చెప్పింది.

"కొవ్వు కరిగి పులుసుల కలిసింది బిడ్డా. గరిటెతోని తీసుకుంటవా?"

తీసుకున్నాను. గిన్నెలతో సహా తూచి, గిన్నెల బరువు తీసేసి, అందాజుగా ఉల్లిగడ్డలు కూడా తీసేసి లెక్క కట్టాను. ముక్కలన్నీ కలిపితే బతికున్న మేక కంటే ఎక్కువ తూగాయి. ఆ రోజు ఊళ్ళో తెగింది మా ఒక్క యాటే కాదు కదా, ఎవరి గిన్నెలో ఎవరి యాట ఉడికిందో అమ్మవారికే తెలియాలి. డాక్టరు మూడోసారి వడ్డించుకుంటూ పరీక్ష చాలా ఉపయోగపడిందన్నాడు.

రెండో పరీక్ష రోజు నేనూ వెళ్ళాను. డాక్టరు గదిలో బల్ల పక్కన ఒక ఇనుప బకెట్టు ఉంది. అందులో పసుపు నీళ్ళు, పైన వేపాకు తేలుతోంది, అంచున ఇత్తడి చెంబు. ఇదేమిటి సాబ్, తడి చాలు, పసుపూ వేపాకూ పోచమ్మ కోసం అన్నాను. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. పసుపు లేకుండా మనం పరీక్షించలేదు కాకా, ఏ పరిస్థితుల్లో సరైన అంకె వచ్చిందో ఆ పరిస్థితులు మార్చకూడదు అన్నాడు. నేను బకెట్టును బామ్మర్ది ముందుకు జరిపాను.

బామ్మర్ది మోచేతుల దాకా ముంచి కూర్చున్నాడు. చేతులు నానాక పైకి తీసి పిడుల కోసం చాచాడు. డాక్టరు ఇవ్వలేదు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నిలబడి, ముందు విదిలించు అన్నాడు. మా బామ్మర్ది నా వైపు చూశాడు. నౌకరీ కదా. విదిలించాడు. ఒట్టి చేతులు కాదు, ఎందుకైనా మంచిదని భుజాలు, తల కూడా.

పదిహేను వచ్చింది. తీసుకున్నారు. అత్త పోచమ్మకు ఇంకో యాట మొక్కింది. మా ఆవిడ తన తమ్ముడి తెలివి అంది.

నాకు మాత్రం ఆ సంతోషంలో కూడా ఒక ముల్లు. చిమటా ఎనిమిదంది, డబ్బా పదిహేనంది, ఇంచుమించు రెట్టింపు. ఆ పదిహేను నిజమని ఎవరు తేల్చారు? మేకకు నలభై నాలుగన్నప్పుడు అబద్ధమన్నాం, పన్నెండన్నప్పుడు దండం పెట్టాం. మనకు కావలసిన అంకె రాగానే పరీక్ష ఆపేశాం. ఈ మాట నేను అప్పుడే అంటే మా ఆవిడ నన్ను లోపలికి రమ్మని తలుపేసి, "నౌకరీల చేరినంక మాట్లాడు" అంది.

ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీలో చేరడానికి ఎవరు వచ్చినా బకెట్టు తప్పలేదు. వరోరానుంచి, ఊర్జానగర్‌నుంచి వచ్చిన చదువుకున్న పిల్లలు వరసలో నిలబడి పసుపు నీళ్ళలో చేతులు ముంచి విదిలించేవాళ్ళట. అది కంపెనీ సేఠు ఇంటి ఆచారమని కొందరు, అంటురోగాల మందని కొందరు అనుకున్నారు. డాక్టరు బదిలీ మీద వెళ్ళిపోయాడు. బకెట్టు ఉండిపోయింది. కొత్త డాక్టరు వేపాకు వాడిపోతే మార్పించేవాడని విన్నాను.

మా బామ్మర్ది సంగతి చెప్పి ముగిస్తాను. ఫ్యాక్టరీలో మంటలు లేచింది తక్కువ. ఎర్ర బండి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే పని. రెండేళ్ళకే అరచేతుల కాయలు రాలిపోయాయి, మూడో ఏటికి చెంపలు వచ్చాయి, ఆ తర్వాత పొట్ట. ఏటేటా డబ్బా పరీక్ష మాత్రం జరుగుతూనే ఉంది, చేతులు మెత్తబడే కొద్దీ అంకె తగ్గుతూనే ఉంది. ఒకనాడు దర్జీ దగ్గర ప్యాంటు నడుం వదులు చేయించుకుని, అది చంకలో పెట్టుకుని నా దుకాణానికి వచ్చాడు.

"బావా, గీ ఏడు తొమ్మిది" అన్నాడు సంబరంగా.

జబ్బ పట్టుకుని తీసుకెళ్ళి బస్తాల కాంటా ఎక్కించాను. నౌకరీలో చేరినప్పటి మనిషి కాక, పక్కన నిండు చక్కెర గోనె ఒకటి నిలబడ్డంత ఎక్కువ తూగాడు. కొత్త ముద్ర వేసి నెల కాలేదు, వేలు పెట్టి చూపించాను. మా బామ్మర్ది ముల్లు వైపు, ముద్ర వైపు, నా వైపు జాలిగా చూశాడు.

"గిది పాత కాంటా గద బావా" అని దిగిపోయాడు.